మబ్బు తవ్విన సొరంగం

ఆ రోజు ఇంట్లో తాతయ్య ఉన్నాడు, అమ్మ ఉంది, పిన్ని ఉంది, నేను ఉన్నాను. నాన్న లేడు. లారీ తీసుకుని దూరం వెళ్లాడు. పిన్ని తెచ్చిన అట్టపెట్టెలో రెండు కుందేళ్లు ఉన్నాయి. చీకటి పడే ముందు తాతయ్య గుమ్మంలో నిలబడి మమ్మల్ని లెక్కపెడుతూ వాటినీ కలిపి లెక్కపెట్టాడు. అంటే అవి ఇక మా ఇంట్లోనే ఉంటాయన్నమాట.

తాతయ్య అమ్మకీ పిన్నికీ నాన్న. జైల్లో వార్డరుగా చేసి రిటైరయ్యాడు. యూనిఫాం తిరిగి ఇచ్చేశాడు కానీ అలవాట్లు ఇవ్వలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంట్లో అందరం ఉన్నామో లేదో చూసుకునేవాడు. గేటు తాళం, పెరటి తలుపు తాళం, చివరికి బియ్యం డబ్బా తాళం కూడా ఆయన మొలకే వేలాడేది. ఆయన నడుస్తుంటే ఏ గదిలో ఉన్నాడో ఆ తాళాల చప్పుడే చెప్పేది.

పిన్ని మందుల షాపులో పనిచేసేది. ఇల్లు మారుతున్న వాళ్లెవరో కుందేళ్లని ఆమె చేతిలో పెట్టి వెళ్లారు. ఒకటి బూడిద రంగు, ఒకటి తెలుపు. మొదటిదానికి మబ్బు అనీ, రెండోదానికి సుద్ద అనీ పేర్లు నేనే పెట్టాను. ఆ మాట మెల్లగా అన్నాను కాబట్టి పిన్నికి తప్ప ఎవరికీ వినపడలేదు. పిన్ని గట్టిగా చెప్పాక అందరూ అలాగే పిలిచారు.

"రెండూ ఆడవే నాన్నా. గొడవపడవు, పిల్లల్ని పెట్టవు" అంది పిన్ని తాతయ్యతో.

"ఏం తింటాయి?"

"గడ్డి, ఆకులు."

"ఏం చేస్తాయి?"

"పరిగెత్తుతాయి."

"నాకు నచ్చనిది అదే" అన్నాడు తాతయ్య.

పాత చెక్క అల్మరాకి తలుపు తీసేసి, దాని చోట వల బిగించి, వాటిని అందులో పెట్టాడు. దానికీ ఒక తాళం. కుందేళ్లు ఒకదానికొకటి ఆనుకుని, ముక్కులు మాత్రం కదిలిస్తూ కూర్చునేవి. నాకు బడి సెలవులు. పొద్దంతా వాటి ఎదురుగా కూర్చునేదాన్ని. మాట్లాడాల్సిన పని లేని స్నేహం అంతకు ముందు నాకు దొరకలేదు.

కొన్నాళ్లకి పిన్ని మొదలుపెట్టింది.

"వాటి వెనక కాళ్లు చూడు నాన్నా. ఊరికే కూర్చోడానికి ఇచ్చిన కాళ్లలా ఉన్నాయా అవి?"

"బయట పిల్లులున్నాయి. పైన గద్దలున్నాయి. గేటు కింద సందుంది."

"లోపలే ఉంటే జబ్బు చేసి చచ్చిపోతాయి."

"చచ్చినా ఎక్కడున్నాయో తెలుస్తుంది కదా."

అమ్మ కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే అంది. "మీ ఇద్దరి వాదన తేలేలోపు అవి ముసలివైపోతాయి. రోజూ సాయంత్రం కాసేపు పెరట్లో వదలండి. కాపలాకి నాన్న ఎలాగూ ఉన్నాడు."

కాపలా అనే మాట తాతయ్యకి నచ్చింది. మర్నాడంతా పెరట్లోనే ఉన్నాడు. గేటు కింద ఇటుకలు పేర్చాడు, నీళ్లు పోయే తూముకి జల్లెడ బిగించాడు, గోడ పొడుగునా వంగి కన్నాలు వెతికాడు. సాయంత్రం అల్మరా తాళం తీశాడు. మేమందరం పెరటి గుమ్మంలో సినిమా మొదలవబోతున్నట్టు కూర్చున్నాం.

కుందేళ్లు బయటికి వచ్చాయి. గోడ పక్కకి పోయి, దానికి అతుక్కున్నట్టు నిలబడిపోయాయి. ఎంతసేపు చూసినా అంతే.

"అయ్యో, పరిగెత్తడమే మర్చిపోయాయి" అంది పిన్ని.

"తొందరపడకు" అన్నాడు తాతయ్య. "మొదటి రోజు ఎవరూ పరిగెత్తరు. ఏళ్ల తరబడి గదిలో ఉన్నవాడి తలుపు తీస్తే ఏం చేస్తాడనుకుంటున్నావు? గోడకి ఆనుకుని నిలబడతాడు. ఎదురుగా అంత ఖాళీ ఉంటే అడుగు ఎక్కడ వేయాలో తోచదు."

జైలు గురించి తాతయ్య అంత మాట చెప్పడం నేను అప్పటిదాకా వినలేదు. అమ్మ కూడా విననట్టుంది, ఆయన వైపే చూసింది. ఆయన లేచి వెళ్లి, గోడ మూల పడి ఉన్న సిమెంటు గొట్టం ముక్కని దొర్లించుకొచ్చి పెరటి మధ్యలో పెట్టాడు. ఇంకాస్త దూరంలో ఒక కాలు విరిగిన స్టూలుని నిలబెట్టాడు.

"దాక్కునే చోటు కనిపిస్తే అప్పుడొస్తాయి" అన్నాడు.

మబ్బు గొట్టం వైపు చూసింది. ఒక్క పరుగున వెళ్లి అందులో దూరింది. అవతలి వైపు నుంచి ముక్కు బయటపెట్టింది. అక్కడ నుంచి స్టూలు కిందికి, స్టూలు కింద నుంచి మళ్లీ గొట్టంలోకి. మూడోసారి గొట్టంలో నుంచి దూసుకొచ్చి, ఉన్నట్టుండి నేల వదిలేసింది.

అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. గాల్లో ఉండగానే తల ఒక వైపుకి, నడుము ఇంకో వైపుకి తిరిగాయి, తడిబట్టని ఎవరో రెండు చేతులతో పిండినట్టు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి చాచింది. కింద పడీపడగానే మళ్లీ ఎగిరింది. ముద్దలా కూర్చునే ఆ ఒంట్లో అంత ఎగురు ఎక్కడ దాచుకుందో అర్థం కాలేదు. లోపల ఏదో పని గుర్తొచ్చి అమ్మ లేవబోయినదల్లా సగంలో అలాగే వంగి ఉండిపోయింది.

"ఏమైంది దానికి? ఎందుకలా ఎగిరింది?" అన్నాడు తాతయ్య.

"ఊరికే" అంది పిన్ని.

"ఊరికేనా?"

"సంతోషం వేస్తే అలా ఎగురుతాయట."

"ఊరికే..." అని ఇంకోసారి అనుకున్నాడు తాతయ్య. ఆ మాట ఆయన నోటికి కొత్త.

ఆ రోజు డైరీలో 'మబ్బు ఊరికే ఎగిరింది' అని రాశాను. దాని కింద ఇంకేమైనా రాద్దామని చాలాసేపు చూశాను. ఏదీ దానికి సరిపోలేదు.

ఆ తర్వాత సాయంత్రాలు పొడుగయ్యాయి. పొద్దున కూడా కాసేపు వదలడం మొదలైంది. ఒకరోజు మబ్బు ఆడుతున్నదల్లా ఆగి, వెనక కాలితో నేలని గట్టిగా కొట్టింది. సుద్ద క్షణంలో గొట్టంలోకి మాయమైంది. తాతయ్య గేటు వైపు చూశాడు, తూము వైపు చూశాడు. ఏమీ లేదు. అప్పుడు పెరటి మీదుగా ఒక నీడ జారిపోయింది. తల ఎత్తితే గద్ద.

"నా కంటే ముందు చూసింది!" అన్నాడు తాతయ్య. "ఇలాంటిదొకటి నా చేతి కింద ఉండుంటే..."

"ప్రమోషన్ దానికి ఇచ్చేవాళ్లు నాన్నా, నీకు కాదు" అంది పిన్ని.

తాతయ్య నవ్వాడు. మర్నాడు చేపల వల ఒకటి సంపాదించి, పెరటి మీద ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టాడు. అమ్మ చిరుగులు కుట్టిచ్చింది. వల కింద ఎండ గళ్లుగళ్లుగా పడేది. ఆ గళ్ల మీద కుందేళ్లు పరిగెత్తేవి.

ఎండలు ముదిరేకొద్దీ మబ్బు మారింది. సుద్ద దగ్గరికి వస్తే గుర్రుమనేది. మెడ కింద బొచ్చు పోయి గులాబీ రంగు చర్మం కనిపిస్తుంటే, చర్మరోగమని పిన్ని షాపు నుంచి పూతమందు తెచ్చింది. మందు రాయడానికి పోతే పిన్ని చేతిని గోళ్లతో గీరింది. ఒక పొద్దున అది ఎండుగడ్డి నోటినిండా అడ్డంగా కరుచుకుని గొట్టం వెనక్కి వెళ్లడం చూశాను. రెండు వైపులా గడ్డి మీసాల్లా వేలాడుతోంది. తర్వాత ఖాళీ నోటితో వచ్చింది. మళ్లీ గడ్డి కరుచుకుని వెళ్లింది. ఎవరికైనా చెప్పాలనుకున్నాను కానీ ఇంట్లో అప్పుడు వేరే గొడవ నడుస్తోంది.

షాపులో పిన్నిని రాత్రి ఎనిమిది దాకా ఉండే డ్యూటీకి మారమన్నారు. తాతయ్య ఒప్పుకోలేదు.

"చీకటి పడ్డాక ఈ ఇంటి మనిషి బయట ఉండటానికి వీల్లేదు."

"వీధి దీపాలున్నాయి నాన్నా. నా ఇద్దరు స్నేహితురాళ్లూ అదే దారిన వస్తారు. నువ్వు గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టడం తప్ప ఇందులో ఇబ్బందేముంది?"

"లెక్క కుదరకపోతే నాకు నిద్ర పట్టదు."

"నేనేమన్నా నీ ఖైదీనా?"

తాతయ్య లేచి గేటు తాళం చూసొచ్చాడు. పిన్ని ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. అలాంటప్పుడు గడ్డి మీసాల సంగతి ఎవరికి చెప్పను?

ఒక పొద్దున కుందేళ్లని లోపల పెట్టేశాక తాతయ్య పెరట్లోంచి నన్ను పిలిచాడు. గొట్టం వెనక, గోడకి కాస్త ఇవతల వంగి ఉన్నాడు.

"ఇక్కడ చూడు. ఏం కనిపిస్తోంది?"

నేల, నాలుగు ఎండుటాకులు కనిపించాయి.

"ఏమీ లేదు కదా? ఎవరికీ కనిపించదు." బొటనవేలితో నొక్కాడు. చుట్టూ గట్టినేల. అక్కడ మాత్రం వేలు దిగిపోయింది. "సొరంగం! తవ్విన మట్టి కనిపించకుండా చదును చేసింది. నోటికి మూత పెట్టి, మీద ఆకులు కప్పింది. మా దగ్గర ఒకడుండేవాడు, మంచం కింద తవ్వి అచ్చం ఇలాగే మూసేవాడు. వాణ్ణి పట్టుకోడానికి మా అందరికీ తలప్రాణం తోకకొచ్చింది. ఇది చూడబోతే కుందేలు!"

ఆయన కళ్లు మెరుస్తున్నాయి. కోపం లేదు, ముచ్చటే ఉంది. సాటివాడి పనితనం చూసినట్టు మెచ్చుకున్నాడు. తర్వాత తన పనితనం చూపించాడు. సొరంగం నోట్లో ఇటుకలు దించి, మీద బండ పెట్టి, అంచుల వెంట సిమెంటు మెత్తాడు. చేతులు కడుక్కుంటూ ఈల కూడా వేశాడు.

సాయంత్రం అల్మరా తెరవగానే మబ్బు ఎటూ చూడకుండా బండ దగ్గరికి పోయింది. ముందు కాళ్లతో గీకడం మొదలుపెట్టింది.

"చూశారా?" అన్నాడు తాతయ్య గర్వంగా. "ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే గోడ అవతల ఉండేది."

చీకటి పడేముందు దాన్ని పట్టుకుని లోపల పెట్టడానికి ఆయన చాలా తిప్పలు పడ్డాడు. అల్మరాలో అది కాలితో చెక్కని కొడుతూనే ఉంది. గద్ద వచ్చినప్పుడు కొట్టినట్టే.

తెల్లారి వదిలితే మళ్లీ బండ దగ్గరికే వెళ్లింది. ఆకులు వేస్తే వాసన కూడా చూడలేదు. పిన్ని మొదట నవ్వింది. "నీకు తగ్గ ఖైదీ దొరికింది నాన్నా." తర్వాత బండ అంచు మీద ఎర్రటి గీతలు చూసి నవ్వు ఆపేసింది. మబ్బు గోళ్లలోంచి రక్తం వస్తోంది. అయినా గీకుతూనే ఉంది. ఆగి చెవి బండకి ఆనించినట్టు వంగుతోంది. మళ్లీ గీకుతోంది.

"బయట ఏముందని దానికింత తాపత్రయం?" అన్నాడు తాతయ్య. ఈసారి ఆయన గొంతులో గర్వం లేదు.

నేను దాని మెడ కింద బొచ్చు లేని చోటునే చూస్తున్నాను. గడ్డి మీసాలు గుర్తొచ్చాయి.

"తాతయ్యా" అన్నాను.

"గట్టిగా మాట్లాడు. ఏంటి?"

"పారిపోయేవాళ్లు పరుపు మోసుకెళ్తారా?"

"ఏం పరుపు?"

"గడ్డి. నోటినిండా కరుచుకుని అక్కడికే వెళ్లేది. నేను చూశాను. ఆ బొచ్చు కూడా... రోగం కాదేమో. అదే పీక్కుందేమో."

తాతయ్య కదల్లేదు. మొలలో తాళాలు కూడా చప్పుడు చేయలేదు. జైల్లో ఎన్ని సొరంగాలు చూశాడో నాకు తెలీదు. ఏ సొరంగంలోనూ పరుపు చూసి ఉండడు.

"గునపం తేమ్మా" అన్నాడు అమ్మతో. అమ్మ తెచ్చింది. ఆయన దాన్ని ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగి, పక్కన పడేశాడు. "వద్దు. కింద ఏముందో తెలీకుండా పొడవకూడదు."

పిన్ని, అమ్మ, నేను బండ అంచులు పట్టుకున్నాం. సిమెంటు పచ్చిగా ఉన్న వైపు నుంచి లేపాం. ఇటుకలు ఒక్కొక్కటే తీశాడు తాతయ్య. మోకాళ్లు వంగనివ్వక ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా కుర్చీ అడిగే మనిషి, మట్టిలో బోర్లా పడుకున్నాడు. చెంప నేలకి ఆనించి, చెయ్యి లోపలికి పెట్టాడు. మోచెయ్యి దాకా వెళ్లింది. భుజం దాకా వెళ్లింది.

"గోడ వైపు పోవట్లేదు" అన్నాడు. "ఇంటి వైపు తిరిగింది."

లోపల వేళ్లతో తడిమాడు.

"వెచ్చగా ఉంది" అన్నాడు తాతయ్య.

చెయ్యి ఎంత మెల్లగా బయటికి తీశాడంటే, తీస్తున్నట్టే తెలియలేదు. గుప్పిట్లో బూడిదరంగు బొచ్చు. అమ్మ ఏ దూదితోనూ అంత మెత్తటి దిండు కుట్టి ఉండదు. ఆ బొచ్చు మధ్యలో బొటనవేలంత ప్రాణం. మూసుకున్న కళ్లు. తలకి అంటుకుపోయిన చెవులు. పొట్ట ముడతలు పడి ఉంది. తాతయ్య అరచేతి గీతల మధ్య అది ముక్కుతో పాల కోసం వెతికింది.

"ఎన్నున్నాయి నాన్నా?" అంది అమ్మ.

"ఉన్నాయి" అన్నాడు తాతయ్య. అంతే అన్నాడు.

"రెండూ ఆడవేనని చెప్పారే!" అంది పిన్ని.

"సుద్దని కూడా ఒక మాట అడగాల్సింది" అంది అమ్మ. అంటూనే పమిటతో కళ్లు తుడుచుకుంది.

పిన్ని పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది. తల్లి పిల్లల దగ్గర కూర్చోదట. రోజుకి ఒకటి రెండు సార్లు వచ్చి, కాసేపు పాలిచ్చి, వాసన బయటికి రాకుండా మూసి వెళ్లిపోతుందట. దూరంగా ఉండటమే దాని కాపలా అట. నిన్నటి నుంచి పాలు లేవు కాబట్టి ఇవాళ తాగకపోతే బతకడం కష్టం అన్నాడట. వేరేచోటికి మారిస్తే తల్లి వస్తుందో రాదో చెప్పలేనన్నాడట.

"ఇంట్లో పెట్టెలో పెట్టేద్దాం నాన్నా" అంది పిన్ని. "ఇక్కడ మట్టి కూలితే? పిల్లి వస్తే?"

బయట వదలమని అన్నాళ్లు పోట్లాడిన పిన్నేనా అనిపించింది.

"పిల్లి రాలేదు. గద్ద రాలేదు" అన్నాడు తాతయ్య. "వాటి మీదికొచ్చింది నేనే. ఆ చోటు ఆవిడ చూసుకుంది. నా పెరట్లో, నా కళ్ల ముందు కట్టుకుంది, నాకు తెలీనివ్వలేదు. ఇక ఆవిడ చెప్పినట్టే చేద్దాం."

మబ్బు అప్పటిదాకా 'అది'. ఆ పూట నుంచి తాతయ్యకి 'ఆవిడ' అయింది.

పిల్లని వెనక్కి పెట్టి, బొచ్చు కప్పి, నోటి దగ్గర మట్టి వదులుగా పోశాడు. సుద్దని వేరే పెట్టాం. మబ్బుని అల్మరాలో పెట్టలేదు. పొద్దంతా అది స్టూలు కింద పడుకుని అటే చూసింది, వెళ్లలేదు. మేం కెలికిన మట్టి వాసన, మా చేతుల వాసన దానికి వస్తూ ఉండాలి. మధ్యాహ్నం ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

పొద్దు వాలుతుంటే అందరం పెరటి గుమ్మం లోపల నేల మీద కూర్చున్నాం. పిన్ని ఆ రోజు షాపుకి ఫోన్ చేసి సెలవు పెట్టింది.

"ఎనిమిదింటి డ్యూటీ ఎవరికో ఇచ్చేశారా?" అన్నాడు తాతయ్య, పెరటి వైపు చూస్తూనే.

"ఇంకా ఇవ్వలేదు."

తాతయ్య మొలలోంచి గుత్తి తీశాడు. గేటు తాళంచెవి ఒకటి వేరుచేసి పిన్ని పక్కన గడప మీద పెట్టాడు. పిన్ని దాన్ని చూసింది, తీసుకుంది, పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

మబ్బు స్టూలు కింద నుంచి లేచింది. రెండు గెంతులు వేసి, మా వైపు తిరిగి ఆగిపోయింది.

"మనం ఇంతమందిమి ఉంటే రాదు" అన్నాడు తాతయ్య రహస్యంగా. నా భుజం తట్టాడు. "నువ్వు వెళ్లి చూడు. ఈ ఇంట్లో చప్పుడు లేనిది నువ్వొక్కదానివే. ఆవిడకి నీ భయం లేదు."

వాళ్లు లోపలి గదిలోకి వెళ్లిపోయారు. నేను మోచేతుల మీద పాకుతూ గొట్టం దాకా వెళ్లి బోర్లా పడుకున్నాను. గడ్డం కింద నేల ఇంకా వేడిగా ఉంది. నా గుండె కొట్టుకోవడం దానికి వినిపిస్తుందేమోనని భయం వేసింది.

మబ్బు వచ్చింది. తాతయ్య పోసిన మట్టిని వాసన చూసింది. వెనక్కి తగ్గింది. మళ్లీ వచ్చింది. రక్తం ఎండిన గోళ్లతో ఒకసారి గీకింది, ఆగింది, తర్వాత ఆగకుండా గీకింది. మట్టి దాని వెనక కాళ్ల మధ్య నుంచి నా మొహం మీద పడింది. నేను తుడుచుకోలేదు. తల దూరింది, భుజాలు దూరాయి, తోక ఒక్కటే బయట మిగిలింది. లోపల నుంచి చిన్నచిన్న చప్పుళ్లు, తడి పెదవుల చప్పుళ్లు, ఒకటి కాదు, చాలా. ఆ కింద నేలంతా పాలు తాగుతున్నట్టు వినిపించింది.

ఎంతసేపో చెప్పలేను. ఆకాశం రంగు మారింది. మబ్బు వెనక్కి నడుస్తూ బయటికొచ్చింది. తిరిగి, నన్ను చూసింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. దాని కంట్లో గోడ ఉంది, వల ఉంది, చిన్నగా నేనున్నాను. నేను ఊపిరి బిగబట్టాను. అది బెదరలేదు, నన్ను పట్టించుకోనూ లేదు. ముందు కాళ్లతో మట్టి లాక్కుంది. పొరపొరగా నింపింది. రెండు అరికాళ్లతో అద్దింది, ఇంకాస్త మట్టి లాగి మళ్లీ అద్దింది. చివరికి వేలు పట్టేంత సందు మిగిలింది. అందులోంచి పాల వాసన, వెచ్చదనం వస్తున్నాయి. నేను తెలియకుండానే ముందుకి వంగాను.

మబ్బు ఒక ఎండుటాకు నోటితో అందుకుని, ఆ సందు మీద వేసి, నా మొహం మీదే తలుపు మూసేసింది.